వాకిట నిలిచిన అతిథి

(జంషెడ్‌పూరు, టెల్కో కాలనీ సత్సంగమున మూడవనాడు జరిగిన ప్రసంగము నుండి)

టెల్కో కాలనీలోని తెలుగు కుటుంబములవారు మూడు దినముల సత్సంగమునకు పిలువగా వెళ్లితిని. 1945లో రైలు ఇంజనుల కొరకు స్థాపింపబడి, 1954 నుండి లారీలు చేయ నారంభించిన ఆ కార్ఖానాకు 2003లో పేరు మారినది. కాలనీకి మాత్రము పాతపేరే నిలిచినది. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి తాతల నాడు బ్రతుకుతెరువుకై వచ్చినవారి సంతతి అచట నేటికిని ఉన్నది. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, భువనేశ్వరీ ఆలయమున సంస్కృతము. భక్తికి లోటు లేదు.

రెండవనాటి సాయంకాలము గీతాపారాయణము ముగిసి ప్రసాదము పంచుచుండగా ఒక తల్లియు, ఆమె కుమార్తెయు నాయొద్దకు వచ్చి కూర్చుండిరి. తల్లి ఇరువదియెనిమిదేండ్లుగా ఆ ప్రాంతమున కాపురమున్నది. భర్త వచ్చు ఏడు ఉద్యోగము విరమించును. కుమార్తె రాంచీలో మనస్తత్త్వశాస్త్రము చదువుచున్నది. ఇరువురును దారిపొడవునను వాదించుకొనుచు వచ్చిరని ముఖములు చూడగనే తెలిసినది.

తల్లి యిట్లు చెప్పినది: “స్వామీజీ! పదునాలుగేండ్లనుండి దినమునకు పది మాలలు జపము చేయుచున్నాను. ఏకాదశి తప్పలేదు. అయినను ఇంటిలో నా నోట చల్లని మాట వచ్చుటలేదు. పైగా కార్తికమునుండి ఒక పాడుకల నన్ను పట్టుకొన్నది. శుక్రవారము సందెవేళ దీపము పెట్టి నిలుచుందును. జుట్టు విరబోసికొన్న ఒక ఆడుది, చిరిగిన చీరతో, గుమ్మములో నిలిచి ‘అన్నము పెట్టు’ అనును. నేను మడి కట్టుకొంటిని, దూరము పొమ్మని తలుపు వేసెదను. ఒళ్లంతయు చెమటలు పట్టి మేలుకొందును. నాలుగుసార్లు వచ్చినది. ఇరుగుపొరుగువారు పెద్దమ్మవారు ఇంటిలో అడుగు పెట్టుచున్నది, శాంతి చేయింపుమనుచున్నారు. ఇదిగో, నా కన్నకూతురు ఏమన్నదో మీరే అడుగుడు.”

కుమార్తె తలవంచుకొనియే చెప్పినది: “ఆ వచ్చినది దరిద్రదేవత కాదు, అమ్మయే అని చెప్పితిని స్వామీజీ. యుంగు దానిని ఛాయ అన్నాడు. అమ్మకు జపము ముసుగైపోయినదని చెప్పితిని. తప్పా?”

“రేపు సభలో చెప్పెదను” అని పంపితిని. మరునాటి ప్రసంగమున వారి ప్రసక్తి తేలేదు. ఇప్పుడు వ్రాయునప్పుడు మాత్రము, ఇరువురి అనుమతితో, గుర్తులు కొన్ని మార్చి చేర్చుచున్నాను. ప్రసంగ సారము ఇది.

అమ్మలారా, అయ్యలారా! సన్న్యాసి పాశ్చాత్య వైద్యుని గురించి మాటాడుటేమని మీరనుకొనవచ్చును. కాని మన పిల్లలు కళాశాలలలో ఆ వైద్యుని చదువుచున్నారు. అతని మాటలు మన ఇండ్లలోనికి, మన జపపు పీటలవరకు వచ్చినవి. వచ్చినవానిని కూర్చుండబెట్టి వినుట మన మర్యాద.

కార్ల్ గుస్తావ్ యుంగ్ 1875లో స్విట్జర్లాండు దేశమున ఒక క్రైస్తవ మతాచార్యుని యింట జన్మించెను. వైద్యము చదివి, 1900 చివర జ్యూరిచ్ నగరమందలి బుర్గోల్జ్‌లి మానసిక చికిత్సాలయమున చేరెను. అచట ఆయన చేసిన పరీక్ష వినుటకు పిల్లల ఆటవలె నుండును. నూరు మాటల పట్టిక చేతబట్టి ఒక్కొక్కటి పలుకుట. విన్నవాడు తనకు తోచిన మొదటి మాట చెప్పవలెను. ప్రక్కన క్షణములు లెక్కించు గడియారము. ‘నీరు’ అన్న ‘నది’ అని తటాలున వచ్చును. ఏదో యొక మాటవద్ద మాత్రము మనిషి తడబడును, నవ్వును, వినబడనట్లు మరల అడుగును. ఆ తడబాటు క్రింద ఒక ముడి యున్నదని యుంగు కనుగొనెను. దానికే కాంప్లెక్స్ అని, మనోగ్రంథి అని పేరు. ఈ పరీక్షను మీరు గడియారము లేకయే చేయవచ్చును. పండుగనాడు పదిమంది బంధువులు చేరినచోట ఎవరిదో ఒక పేరు మెల్లగా ఎత్తుడు. ఎవరి మాట ఆగిపోవునో, ఎవరు పని కల్పించుకొని వంటింటిలోనికి లేచిపోవుదురో చూడుడు.

1907లో ఆయన వియన్నా వెళ్లి ఫ్రాయిడు మహాశయుని కలిసెను. మొదటి దినముననే పదుమూడు గంటలు మాటాడుకొనిరట. అంతటి స్నేహమును 1913లో తెగిపోయినది. మనస్సు అడుగున ఉన్నదంతయు అణచివేయబడిన కామమే యనుటకు యుంగు ఒప్పుకొనలేదు. ఒక్కొక్క మనిషి స్వంత జ్ఞాపకములకు దిగువన మానవజాతి కంతకును ఉమ్మడియైన ఒక పొర కలదనియు, పురాణములు, కలలు, దేవతారూపములు అచటనుండి లేచుచున్నవనియు ఆయన వాదము. మన పెద్దలు జన్మాంతర వాసనలన్న చోట ఆయన జాతివారసత్వ మనెను. రెండును ఒకటి యని తొందరపడి చెప్పకూడదు. వాసనలు ఈ జీవుడు తాను చేసిన కర్మఫలములు, యుంగు చెప్పినవి అందరికిని పంచబడిన మూలరూపములు. స్నేహము తెగిన పిమ్మట కొన్నియేండ్లు ఆయన తన మనస్సులోని చీకటిలోనికి తానే దిగి, కన్నవానిని చిత్రములతో సహా ఒక పెద్ద ఎఱ్ఱ అట్ట పుస్తకమున వ్రాసికొనెను. 1961లో ఆయన దేహము చాలించిన నలువదియెనిమిదేండ్లకు, 2009లో గాని అది అచ్చుకాలేదు.

ఇక ఛాయ యన నేమి? మనిషి నలుగురిలో తిరుగుటకు ఒక వేషము కట్టుకొనును. లాటిను భాషలో నటుని ముసుగునకు గల పేరునే తీసికొని యుంగు దానిని పర్సోనా అనెను. వేషము తప్పు కాదు. ఫోర్‌మనుకు ఫోర్‌మను వేషము, కోడలికి కోడలి వేషము, నాకు ఈ కాషాయము. ఆట ముగిసిన పిదప నటుడు రంగు తుడిచికొనవలెను గదా! తుడువక నిద్రించువాని ముఖచర్మము ఏమగునో వీథినాటకమువారి నడుగుడు. ఇక ఆ వేషమునకు పొసగనివన్నియు ఎక్కడికి పోవును? మంచివాడనిపించుకొన్నవాని కోపము, త్యాగమూర్తి యనిపించుకొన్నదాని కోరిక, ధైర్యశాలి భయము. అవి చావవు. వెనుకకు పోయి ఒక్కటిగా కూడి నీడయై నిలుచును. మనము దానిని మనలో చూడము. ఎదుటివానిలో చూచి అసహ్యపడుదుము. పొరుగింటివారి ఏ గుణము మనకు నిద్ర పట్టనీయదో ఆ గుణమునకు మన ఇంటిలోనే చుట్టములుందురు. కలలో ఆ నీడ తరచు మన వంటి మనిషిగానే వచ్చునని, స్త్రీకి స్త్రీగాను, పురుషునికి పురుషునిగాను కనబడునని యుంగు వ్రాసెను.

ఇది పాశ్చాత్యులు చెప్పిన క్రొత్తమాట కాదా యన్న, మన కథలు తలచుకొనుడు. సూర్యుని తేజస్సు భరింపలేక ఆయన భార్య సంజ్ఞ తన నీడను తన స్థానమున నిలిపి పుట్టింటికి పోయినది. సంజ్ఞ యన తెలివి. ఆమె పోయినచోట ఛాయ కాపురము చేసినది. భర్త చాలకాలము గుర్తింపలేదు. సవతిబిడ్డలయెడ ఆమె చూపిన పక్షపాతము బయటపడినప్పుడు గాని గుట్టు తెలియలేదు. ఆ ఛాయకు పుట్టినవాడే శనైశ్చరుడు.

ఇరుగుపొరుగు పెద్దమ్మ యని భయపడు జ్యేష్ఠాదేవి కథయు అట్టిదే. పాలసముద్రమున లక్ష్మికంటె ముందు పుట్టినది ఆమె. అందరును లక్ష్మిని కోరిరి, జ్యేష్ఠను కోరినవాడు లేడు. పద్మపురాణమున లక్ష్మి యేమన్నదో గుర్తున్నదా? అక్కకు ఒక చోటు చూపక నేను పెండ్లి చేసికొనననినది. విష్ణువంతటివాడు ముందు ఆమెకు స్థానము కల్పించి పిమ్మట లక్ష్మిని చేపట్టెను. ఉద్దాలకుడు విడిచిపోగా రావిచెట్టు క్రింద ఏడ్చుచున్న ఆ అక్కను చూచుటకు శనివారమునాడు లక్ష్మీనారాయణులే వత్తురట. మనమో, శుక్రవారము లక్ష్మికి ముగ్గు పెట్టి, అదే గుమ్మమున అక్క ముఖముమీద తలుపు వేయుచున్నాము. ఈ కథ చెప్పిన పౌరాణికునికి మనస్సు సంగతి జ్యూరిచ్ వైద్యునికి తెలిసినంతయు తెలియునని నా నమ్మకము.

సాధకునకు ఇందు గొప్ప ప్రమాదమున్నది. లోకములోని వేషము సులభముగా జారును, దేవుని పేరిట కట్టిన వేషము ఒక పట్టాన జారదు. విశ్వామిత్రుని చూడుడు. వేలయేండ్ల తపస్సు. ఆ తపస్సు క్రింద మాత్రము వసిష్ఠుని మించవలెనను కసి చెక్కుచెదరక కూర్చున్నది. ఒకమారు మేనకగా వచ్చినది, కామమైనది. మరియొకమారు రంభగా వచ్చినది, కోపమైనది. రాయి కమ్మని రంభను శపించి, ఆర్జించినదంతయు పోగొట్టుకొన్న పిమ్మట గాని ఆయనకు తన శత్రువు ఆశ్రమము బయట లేడని తెలియలేదు. బ్రహ్మర్షి యను పిలుపు వసిష్ఠుని నోటనే రావలసివచ్చినది. ఆ కథ వ్రాసినవాడు విశ్వామిత్రుని చిన్నచేయలేదు. ప్రతి పతనము పిమ్మట మరల లేచి తపస్సునకు కూర్చున్నాడని చెప్పెను. గాయత్రి యాయన ద్వారముననే మనకు లభించినది.

మీది ఇనుప ఊరు గనుక ఇంకొక మాట. కొలిమిలో లోహము కరగునప్పుడు పైకి తేలు చిట్టెమును ఎంతటి అసహ్యముతో తీసి పారవేయుదురు! పూర్వము రాత్రివేళ ఇచట చిట్టెము పారబోయునప్పుడు ఆకాశము ఎఱ్ఱబారుట మీలో పెద్దలు చూచియే యుందురు. అయితే ఇనుప చిట్టెమునకు ఆయుర్వేదమున మండూరమని పేరు. వైద్యుడు దానిని ఏరి తెచ్చి, కాల్చి, గోమూత్రమున ముంచి, మరల కాల్చి భస్మము చేయును. రక్తము తగ్గి పాలిపోయినవానికి అది ఔషధము. యుంగు తన జీవితపు రెండవ భాగమంతయు ప్రాచీన రసవాద గ్రంథములలో గడిపి, 1944లో మనోవిజ్ఞానమునకు రసవాదమునకు గల సంబంధమును గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. అందరును కాలదన్ను దానిలోనే ఆ సిద్ధులు తమ రత్నమును వెదకిరని ఆయనకు తోచెను. చిట్టెమును అట్లే మ్రింగుమని ఏ వైద్యుడును చెప్పడు. కోపము నాలో నున్నదని ఒప్పుకొనుట వేరు, కోపమును ఇష్టము వచ్చినట్లు వాడుట వేరు. ఈ తేడా తెలియక, ఛాయను అంగీకరించుట యను మిషమీద నోటికి వచ్చినదెల్ల మాటాడు యువకులను చూచితిని. పుటము వేయని మండూరము కడుపును చెఱచును.

ఇప్పుడు మనకును ఆయనకును గల వాదమునకు వత్తము. 1936 ఫిబ్రవరిలో, శ్రీరామకృష్ణ శతజయంతి సందర్భమున, ప్రబుద్ధభారత పత్రిక యోగమును పాశ్చాత్యులను గూర్చి యుంగు వ్రాసిన వ్యాసమును ప్రకటించినది. అందాయన యోగమును మెచ్చుకొనుచునే, తన దేశస్థులు దానిని అనుకరింపకూడదని హెచ్చరించెను. తమ లోపలి గందరగోళమును చూచుకొనక యోగమును పైన కప్పికొందురని ఆయన భయము. మరుసటి సంవత్సరము చివర, తన అరువదిరెండవ యేట, కలకత్తాలో జరుగనున్న వైజ్ఞానిక మహాసభకు ఆహ్వానము వచ్చి ఆయన భారతదేశమునకు వచ్చెను. సాంచి, కోణార్క చూచెను. అలహాబాదు, కాశి, కలకత్తా విశ్వవిద్యాలయములు డాక్టరు బిరుదము లొసగినవి. కలకత్తాలో జిగట విరేచనములతో ఆసుపత్రి పాలయ్యెను. దక్షిణమునకును వచ్చెను. కాని అరుణాచలమునకు పోలేదు. మహాపురుషులను దర్శింపకుండ తానే తప్పుకొంటిననియు, తన సత్యమును తానే సంపాదించుకొనవలెను గాని వారి వద్ద అరువు తెచ్చుకొనరాదనియు ఆయన తరువాత చెప్పుకొనెను. రమణ మహర్షిని గూర్చిన ఒక జర్మను గ్రంథమునకు 1944లో పీఠిక వ్రాసినది కూడ ఆయనయే.

గుమ్మమువరకు వచ్చి తిరిగిపోయిన ఈ పెద్దమనిషి మీద నాకు కోపము లేదు, జాలి కలదు. ఆయన ఆక్షేపణ యేమనగా: అహంకారము లేనిచో తెలిసికొనువాడెవడు? తెలిసికొనువాడు లేని తెలివి తెలివి యెట్లగును? మన ఆచార్యులు దీనికి సుషుప్తిని చూపుదురు. గాఢనిద్రలో ‘నేను’ అనువాడు లేడు. మేలుకొని ‘సుఖముగా నిద్రించితిని, ఏమియు తెలియలేదు’ అందుము. ఆ తెలియకపోవుటను తెలిసికొన్నదెవరు? మనస్సు కాదు, అది అప్పుడు లయించినది. కలలను, కలలు లేని చీకటిని కూడ వెలిగించు సాక్షి ఒకడు కలడని వేదాంత సిద్ధాంతము. యుంగు ఆత్మ యన్న మాటను వాడినను, అది మనస్సు యొక్క పూర్ణరూపము. తెలిసిన భాగమును తెలియని భాగమును కలిపిన మొత్తము. మొత్తము ఎంత పెద్దదైనను దృశ్యమే. ద్రష్ట దానిలో చేరడు.

ఇంతవరకు మనము గెలిచితిమని సంతోషింపవచ్చును. కాని ఆయన భయపడిన విషయమున ఆయనదే పైచేయి. ‘నేను సాక్షిని, కోపము మనస్సునకు గాని నాకు కాదు’ అని భార్యమీద కేకలు వేసిన వేదాంతిని నేనెరుగుదును. చిత్తశుద్ధి కాకముందు పలికిన సాక్షిభావము ముసుగులన్నిటిలో మేలైన ముసుగు. శంకరులు సాధన చతుష్టయమును ద్వారముననే నిలిపినది ఊరకనా? యుంగు చేసిన పని యంతయు ఆ ద్వారమునకు ఇవతలి చిత్తక్షేత్రములోనిది. దానిని అచట ఉంచి చూచిన ఉపకారము, గర్భగుడిలో ఉంచిన అపకారము.

ఆ పని ఆయనతో ఆగలేదు. 1948లో జ్యూరిచ్‌లో ఆయన పేర శిక్షణాలయము ఏర్పడినది. 1955లో అంతర్జాతీయ సంఘము పుట్టినది. శిష్యులందరును ఒకే త్రోవను నడువలేదు. లండనులో మైకేల్ ఫోర్డ్‌హామ్ పసిబిడ్డల మనస్సును పరిశీలించి, యుంగు వయస్సు మళ్లినవారికే చెప్పిన సమగ్రత తొట్టిలోని శిశువునుండియే పనిచేయునని చూపెను. జేమ్స్ హిల్‌మన్ స్వస్థత యను లక్ష్యమునే ప్రశ్నించి, మనోరూపములను వ్యాఖ్యానించి చంపక వానితో కాపురము చేయుడనెను. స్విట్జర్లాండులో డోరా కాల్ఫ్ ఇసుక పోసిన పళ్లెమును, చిన్నచిన్న బొమ్మలను పిల్లల ముందుంచినది. మాటలు రాని బిడ్డ తన దుఃఖమును ఇసుకలో పేర్చును. పెద్దామె ప్రక్కన మౌనముగా కూర్చుండును. మన ఇండ్ల బొమ్మలకొలువు ఎదుట ఒంటరిగా కూర్చున్న పిల్లను చూచినవారికి ఈ చికిత్స తేలికగా అర్థమగును.

ఫలితమున్నదా యని అడుగువారికి జర్మను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ రోస్లర్ 2013లో జర్మనీ, స్విట్జర్లాండులలో జరిగిన పరిశోధనలను సమీక్షించి, సగటున తొంబది కూర్పులలో తీవ్ర బాధనుండి ఆరోగ్యమువరకు రోగులు వచ్చుచున్నారని ప్రకటించెను. ఆ మార్గమువారు తమ నీడను కూడ చూడవలసి వచ్చినది. ఆఫ్రికా ప్రజలను ఆదిమ మనస్కులని యుంగు వ్రాసిన వ్రాతలు హాని చేసినవని 2018లో ఆయన సంప్రదాయము వారే బహిరంగ లేఖ వ్రాసిరి. తన గురువు తప్పును పేరు పెట్టి చెప్పి, ఆ గురువు విద్యను విడువకుండుట ఎంత కష్టమో మఠములలో పెరిగిన మాబోటివారికి తెలియును.

చికిత్స యన ఏదో మంత్రతంత్రమనుకొనకుడు. రెండు కుర్చీలు ఎదురెదురుగా నుండును. వారమునకు ఒకటి రెండుసార్లు, గంటకు కొంచెము తక్కువ. వచ్చినవారు తమ కల చెప్పుదురు, దినచర్య చెప్పుదురు, ఒక్కొక్కప్పుడు చెప్పక ఊరకుందురు. ఎదుటివాడు సలహాలు గ్రుమ్మరింపడు. అతనికి ఈ అర్హత యెట్లు వచ్చినది? ముందు తాను మరియొకరి ఎదుట అదే కుర్చీలో యేండ్లతరబడి కూర్చుండి తన చిట్టెమును చూచికొన్నాడు. వైద్యుడు కాగోరువాడు ముందు తాను రోగియై పరీక్షకు లోబడవలెనని మొదట పట్టుపట్టినవారిలో యుంగు ముఖ్యుడు. దరి చేరనివాడు ఇతరులను దాటింపలేడని మనవారన్నారు గాని, ఉపదేశము చేయు మాలో ఎందరము ఆ పరీక్షకు నిలిచితిమి?

త్రాగుడు మాన్పింపలేక వచ్చిన రోలండ్ హజార్డ్ అను అమెరికా దేశీయునికి యుంగు నిర్మొగమాటముగా, ఇక వైద్యము పనిచేయదు, ఆధ్యాత్మికానుభవ మొక్కటే నిన్ను నిలుపవచ్చునని చెప్పెనట. ఆ మాట చేతులు మారి చేతులు మారి 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము పుట్టుటకు ఒక కారణమైనది. దాని స్థాపకులలో నొకరైన బిల్ విల్సన్ ఇది తెలుపుచు 1961 జనవరిలో లేఖ వ్రాయగా, సారాదాహము పూర్ణత్వము కొరకైన దాహమునకే దిగజారిన రూపమని యుంగు జవాబిచ్చెను. అయిదు నెలలలో ఆయన కన్నుమూసెను. జీతపు రాత్రి భర్త కొరకు గుమ్మమున నిలుచు తల్లులు ఈ సభలో నున్నారు. మీ వారికి దాహమున్నది. త్రాగుచున్నది మాత్రము ఆ దాహము తీర్చునది కాదు.

తన శక్తి ఎచట ఆగునో చెప్పిన ఆ వైద్యుని నిజాయితీ మాకును ఉండవలెను. ఇచట నా తప్పు చెప్పుకొనవలెను. చాలయేండ్ల క్రిందట వేరొక ఊర ఒక తల్లి పందొమ్మిదేండ్ల కుమారుని తీసికొని వచ్చినది. ఎవరో తనను తిట్టుచున్నట్లు వానికి చెవిలో వినబడుచుండెను. నేను మందులు వలదంటిని. నలువది దినములు జపము చేయింపుము, సర్దుకొనునంటిని. ముప్పదియవ దినమున ఆ బాలుడు ఇల్లు విడిచి పోయెను. మూడు దినముల తరువాత ఒక రైలు స్టేషనులో, కాళ్లు పుండ్లై, దొరకెను. పిమ్మట వైద్యుని మందులతో కోలుకొని నేడొక దుకాణమున పనిచేయుచున్నాడు. ‘ఒక నెల ముందు తెచ్చియుండవలసినది’ అని వైద్యుడు తల్లితో ననెనట. ఆమె ఆ మాట నాతో చెప్పినదే గాని నన్ను నిందింపలేదు. నిందించియున్న బాగుండెడిది.

కనుక చెప్పుచున్నాను. మాటలు వినబడుట, నిద్రాహారములు పోవుట, చావవలెనను తలంపు, ఇవి కనబడిన ముందు వైద్యుడు. అట్టి రోగములకు యుంగు మార్గము కూడ మొదటి మందు కాదు. మీ ఊరికి దాపుననే రాంచీ దగ్గర కాంకేలో 1918 మే 17న ప్రారంభమైన చికిత్సాలయము నేటికిని కేంద్ర మనోవైద్య సంస్థగా పనిచేయుచున్నది. ‘వానిని కాంకే పంపవలె’ నని ఎగతాళి చేయుట ఈ ప్రాంతపు దురలవాటు, మనవారు ‘ఎఱ్ఱగడ్డ’ అన్నట్లు. ఆ ఎగతాళి వలన ఎందరు తల్లులు పిల్లలను చీకటి గదులలో దాచిరో! అంత దూరము పోలేనివారు 2022లో ప్రభుత్వము నెలకొల్పిన 14416 సంఖ్యకు ఫోనుచేసి మాటాడవచ్చును. జపము మానుమని నేననను. మందు మ్రింగునప్పుడును నామము పలుకవచ్చును గదా.

ప్రసంగ మచటితో ముగిసినది. ఇక తల్లీకూతుళ్ల సంగతి.

ఆ ఉదయముననే తల్లిని పిలిచి ఒక్క ప్రశ్న అడిగియుంటిని: “అమ్మా, ఆమె కట్టుకొన్న చీర ఏ రంగు?” చాలసేపు మాటాడలేదు. “చిలకపచ్చ. మా తోడికోడలికి పెండ్లిలో పెట్టిన చీర” అన్నది. తరువాత తానుగా చెప్పినది. పదునొకండేండ్ల క్రిందట ఆ తోడికోడలు భర్త వైద్యమునకు డబ్బు అడుగ పార్వతీపురమునుండి వచ్చినది. ఈమె లేదన్నది. ఉన్నది. ఆనాటినుండి మాటలు లేవు.

యుంగు కలను రెండు విధముల చూడుమన్నాడు. కలలోని మనిషి బయటనున్న ఆ మనిషియే యని ఒక చూపు, నాలోని భాగమే యని ఒక చూపు. తల్లికి మొదటి చూపు దొరకినది. కుమార్తె రెండవదానినే పట్టుకొన్నది. నాకు రెండును నిజమనిపించినది. అన్నమడిగినది తోడికోడలు. తలుపువెనుక ఆకలితో నున్నది ఈమె కూడ. ఇరువదియెనిమిదేండ్లలో తనకేమి కావలెనో ఎవరిని అడుగలేదు, అడిగినవారిని ఓర్వలేకపోయినది. శాంతి చేయింపుమా యన్న ప్రశ్నకు, ఖర్చు పెట్టదలచుకొన్న సొమ్మును అట్టే పెట్టుమంటిని. జపము పది మాలలు చాలును, పెంచవలదు, పీటమీద కూర్చున్నప్పుడు ఆ చీర గుర్తు వచ్చిన తరుమవలదంటిని.

కుమార్తెతో చెప్పినది తక్కువ. “నీవు చదివిన శాస్త్రములో వైద్యుడు ముందు ఎవరిని పరీక్షించుకొనవలెను?” అంటిని. ఆ పిల్ల తెలివైనది. “తనను” అన్నది. “అమ్మకు చెప్పునప్పుడు నీ గొంతులో నున్న కసి ఎవరిది?” అంటిని. కళ్లనీళ్లు పెట్టుకొన్నది. తనకు చిన్నప్పుడు పిన్ని యన్న ప్రాణమట, ఆ పదునొకండేండ్లలో తననుకూడ చూడనీయలేదట. అది తల్లికి అంతవరకు తెలియదు.

ఇది అచ్చునకు పంపునాటికి మూడు నెలలైనది. సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఆ తల్లి ఫోనుచేసినది. పార్వతీపురమునకు తానింకను ఫోను చేయలేదనియు, చేతులాడుట లేదనియు, అటు పోవువారిచేత మాత్రము ఒక డబ్బా అరిసెలు పంపితిననియు చెప్పినది. డబ్బా తిరిగి వచ్చినదట. ఖాళీగా రాలేదు, అందులో కొంచెము బెల్లమున్నదట. కల మరల వచ్చినదా యని నేనడుగలేదు.